ఈరీ సరస్సు ఒడ్డున కుదుపుల లెక్క

ఉత్తర అమెరికాలోని అయిదు మహాసరస్సులలో ఈరీ ఒకటి. దాని దక్షిణ తీరాన, ఒహాయో రాష్ట్రంలో, సాండస్కీ అనే చిన్న పట్టణం ఉన్నది. ఆ పట్టణానికి ఎదురుగా నీటిలోకి సన్నగా చొచ్చుకుపోయిన ఇసుక నేల మీద సీడార్ పాయింట్ అనే వినోదవనం వెలసింది. ఊరి నుండి అక్కడికి నీటి మీదుగా వేసిన దారి గలదు. కారు ఆ దారి ఎక్కగానే ఎదుట కనిపించే దృశ్యం విచిత్రమైనది. చెట్లకన్నా, కట్టడాలకన్నా ఎంతో ఎత్తుగా, రంగురంగుల ఇనుప పట్టాలు ఆకాశంలో మెలికలు తిరిగి ఉంటాయి. ఎవరో మహాకాయుడు రైలుదారిని పెకలించి, చేతులతో వంచి, ఆడుకుని వదిలిపెట్టాడా అనిపిస్తుంది.

1870లో ఇది కేవలం స్నానాల తీరం. 1892లో ఇక్కడ మొదటి జారుడు బండి వచ్చింది. దాని ఎత్తు 25 అడుగులు, వేగం గంటకు 10 మైళ్ళు. మా చిన్ననాటి నంద్యాల జట్కాలు ఖాళీ రోడ్డు దొరికితే అంత వేగంతో పోయేవి. నేడు అదే ఇసుక నేల మీద దాదాపు పద్ధెనిమిది రోలర్ కోస్టర్లు ఉన్నాయి. వాటిలో ఒకదాని ఎత్తు 310 అడుగులు. ఢిల్లీలోని కుతుబ్ మీనార్ ఎత్తు 238 అడుగులని గుర్తు చేసుకుంటే పాఠకులకు ఒక అంచనా కలుగుతుంది.

మదర్సాలో పాఠాలు చెప్పుకునే మాకు ఈ బండ్లతో ఏం పని అని పాఠకులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మా కుమారుడు ఉద్యోగరీత్యా మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ నగర శివారులో స్థిరపడ్డాడు. గత వేసవిలో మేమూ మా శ్రీమతీ వారింట రెండున్నర నెలలు ఉన్నాము. మనవడికి పన్నెండేళ్ళు. అంతకు ముందటి శరత్కాలంలో సైకిలు మీద నుండి పడగా, వాడికి ఎడమవైపు మెడకూ భుజానికీ నడుమనుండే ఎముక, కాలర్ బోన్ అంటారే, అది విరిగింది. చాలా వారాలు చేయి జోలెలో వేసుకుని తిరిగాడు. ఎముక చక్కగా అతుక్కున్నది. వసంతంలో వైద్యుడు పరీక్షించి, మునుపటిలా అన్ని ఆటలూ ఆడుకోవచ్చునని చెప్పారు. ఎక్స్‌రే చూసి వైద్యుడు తృప్తి చెందారు గాని తల్లి తృప్తి చెందలేదు. ఆ రాత్రి వాడు మూలిగిన మూలుగు ఆమె చెవుల్లో ఇంకా ఉన్నది.

పిల్లవానికి లోకంలో అన్నింటికన్నా ప్రీతి ఈ బండ్లు. వాడి దగ్గర ఒక నోటు పుస్తకం ఉన్నది. అందులో ప్రతి బండి పేరు, కట్టిన సంవత్సరం, ఎత్తు, వేగం వరుసగా గీతలు గీసి రాసుకున్నాడు. చివరి గడి కుదుపుది. రెండేళ్ళ క్రితం ఎక్కినవాటికి తన అనుభవాన్ని బట్టి ఒకటి నుండి పది దాకా మార్కులు వేశాడు. మాకూ వాడికీ నడుమ అంతవరకు మాటలు తక్కువ. వాడి తెలుగు కొద్ది, మా ఆంగ్లం కొద్ది. ఉర్దూ నడుమ నిలబడి ఎంత మోయగలదో అంతే మోసేది. సలామ్‌తో మొదలైన సంభాషణ అన్నం తిన్నావా అనే దగ్గర ఆగిపోయేది. అటువంటి పిల్లవాడు ఒకనాడు ఆ పుస్తకం తెచ్చి మా ముందు పెట్టి, "దాదా, మీరు చెబితే అమ్మీ వింటుంది" అన్నాడు. వెనకనే కోడలు కూడా వచ్చింది. "అబ్బాజాన్, మీరు ఎక్కవచ్చంటే ఎక్కుతాడు, వద్దంటే మానేస్తాడు. ఇక నేను మాట్లాడను" అన్నది. ఇరుపక్షాలూ తీర్పును మా మీద పెట్టాయి.

సమస్య స్వరూపం తెలియకుండా సమాధానం చెప్పరాదని మా గురువులు మాకు నేర్పిన మొదటి పాఠం. ముప్ఫై ఏళ్ళుగా మేము మా విద్యార్థులకు చెబుతున్నదీ అదే. కనుక, ముందు మేము ఎక్కి చూస్తామని, ఆ తరువాతే ఏదైనా చెబుతామని అన్నాము. మా శ్రీమతి మా వంక చూసిన చూపును ఇక్కడ వర్ణించడం అనవసరం. యాభై ఎనిమిదేళ్ళ వయసులో ఇదేం పని అన్నది దాని సారాంశం. ప్రతి బండి ద్వారం దగ్గరా బోర్డు ఉంటుంది. గుండె జబ్బు, మెడ నొప్పి, వెన్ను బాధ ఉన్నవారూ, గర్భిణులూ ఎక్కరాదని అందులో స్పష్టంగా రాసి ఉంటుంది. అల్లాహ్ దయవల్ల మాకు వాటిలో ఏదీ లేదు. టోపీ, కళ్ళద్దాలు మా కుమారుని చేతికిచ్చి వరుసలో నిలబడ్డాము.

మొదట ఎక్కింది బ్లూ స్ట్రీక్. ఆ వనంలో ఇప్పటికీ నడుస్తున్న కోస్టర్లలో ఇదే అన్నింటికన్నా పాతది, 1964 నాటిది. ఎత్తు 78 అడుగులు, వేగం గంటకు 40 మైళ్ళు, అనగా 64 కిలోమీటర్లు. అంకెలు చూస్తే సాధువుగా కనిపిస్తుంది. ఆ అంకెలను నమ్మి పసివాణ్ణి ఎక్కించే పెద్దలు చాలామంది ఉంటారు. అయితే ఇది కొయ్య బండి. కొయ్య పట్టా అంటే ఒకే దూలం కాదు. పలక మీద పలక పేర్చి, బిగించి, అన్నింటికీ పైన ఇనుప పట్టీ పరుస్తారు. చక్రం ఆ పట్టీ మీద దొర్లుతుంది. కొయ్య ఎండకు ముడుచుకుంటుంది, తేమకు ఉబ్బుతుంది. ఈరీ సరస్సు ఒడ్డున శీతకాలమంతా మంచు, వేసవంతా నీటిగాలి. వడ్రంగులు ఏటేటా కొన్ని చోట్ల పలకలు మార్చుతూనే ఉండాలి. మార్చిన చోట మెత్తగా, మార్చని చోట గరుకుగా సాగుతుంది ప్రయాణం.

గొలుసు బండిని పైకి లాగుతుంటే టకటకమని చప్పుడు వినిపిస్తుంది. అది గొలుసుది కాదు. బండి వెనక్కి జారకుండా అడుగున ఒక కొక్కెం పళ్ళలో పడుతూ పోయే చప్పుడు. ఆ చప్పుడు వింటే భయపడనక్కరలేదని, అది ఆగితేనే భయపడాలని మనవడు ముందే చెప్పి పంపాడు. శిఖరం దాటి దిగగానే గడగడ మొదలైంది. మా బాల్యంలో బనగానపల్లె నుండి రాళ్ళ బాట మీద ఎద్దుల బండిలో వచ్చిన అనుభవం జ్ఞాపకం వచ్చింది. పళ్ళు బిగపట్టకపోతే నాలుక కొరుక్కుంటామేమో అనిపించింది. అయినా అందులో కీడు లేదు. అది సన్నని, ఎడతెగని అదురు. ఒంటినంతటినీ సమానంగా కుదిపేదే గాని ఒక్కచోట పొడిచేది కాదు.

దిగిన తరువాత మనవడు, ఏ వరుసలో కూర్చున్నారని అడిగాడు. బోగీలో వెనక వరుస అన్నాము. వాడు తల పట్టుకున్నాడు. ఒక్కొక్క బోగీలో మూడు వరుసలుంటాయట. ముందు, వెనక వరుసల కింద ఇరుసులు ఉంటాయి గనుక చక్రం తిన్న దెబ్బ సూటిగా కూర్చున్నవారి నడుముకు వస్తుంది. నడిమి వరుస రెండు ఇరుసుల మధ్య ఉంటుంది, దెబ్బ అక్కడికి చేరేలోపు సగం చస్తుంది. మేము తిరిగి వరుసలో నిలబడి, నడిమి వరుసలో కూర్చుని, మరోసారి తిరిగి వచ్చాము. వాడు చెప్పింది అక్షరాలా నిజం. అదే బండి, అదే పట్టా, అదే పూట, కూర్చునే చోటు మూరెడు మారితే ప్రయాణం మారింది. ఎర్రబస్సులో వెనక చక్రం మీది సీటులో కూర్చుని నల్లమల దాటినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

జెమినై అనే బండి గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. 1978లో కట్టారు, 125 అడుగుల ఎత్తు, గంటకు 60 మైళ్ళు. దూరం నుండి కొయ్య బండి అనుకుంటారు. కాళ్ళూ దూలాలూ అన్నీ కొయ్యవే. పట్టా మాత్రం గొట్టాల వంటి ఉక్కు. రెండు బండ్లు పక్కపక్కన పందెం వేసుకుని పరుగెత్తుతాయి. చూడటానికి కొయ్య, కూర్చుంటే ఉక్కు. కుదుపు కొద్దిగానే ఉన్నది. పక్క బండిలోని అపరిచితులు మాకు చేయి ఊపారు, మేమూ ఊపాము.

మాగ్నమ్ ఎక్కినప్పుడు గాని ఈ విద్యలోని అసలు రహస్యం మాకు బోధపడలేదు. 1989లో కట్టిన ఈ బండి 205 అడుగుల ఎత్తుతో, పూర్తి వలయం తిరిగే కోస్టర్లలో 200 అడుగులు దాటిన మొట్టమొదటిదిగా ప్రసిద్ధికెక్కింది. వేగం గంటకు 72 మైళ్ళు, అనగా 116 కిలోమీటర్లు. గొలుసు మీద పైకి పోతుంటే ఒక పక్క సరస్సు అంతులేకుండా కనిపిస్తుంది. నీరు ఆకాశంలో కలిసే గీత దాకా ఒక్క తెరచాప లేదు. ఆ నిశ్శబ్దం, ఆ గాలి, ఆ వెలుగు చూసి నోట తస్బీహ్ దానంతటదే వచ్చింది. దిగుడు కూడా హాయిగానే ఉన్నది. కష్టమంతా తిరుగు ప్రయాణంలో ఉన్నది. అక్కడ వరుసగా చిన్న చిన్న గుట్టలు వస్తాయి. అవి గుండ్రంగా ఉండవు, గుడారం కప్పుల మాదిరి కోసుగా ఉంటాయి. బండి శిఖరం మీదికి రాగానే ఒళ్ళు పైకి లేస్తుంది, తొడల మీది ఇనుప కడ్డీ దాన్ని ఆపుతుంది. మరుక్షణం సీటు కింద నుండి తన్నుతుంది. మళ్ళీ లేస్తుంది, మళ్ళీ ఆగుతుంది. బ్లూ స్ట్రీక్ అదిరించింది, మాగ్నమ్ ఎత్తి కుదేసింది. రెండింటినీ జనం ఒకే మాటతో 'రఫ్' అంటారు గాని ఈ రెండూ ఒక జాతివి కావు. ఒంటె నడక, గాడిద నడక రెండూ కుదుపులే అన్నట్టుంటుంది ఆ మాట.

మాగ్నమ్ పట్టా ఉక్కుదే, నున్నగానే ఉంటుంది. మరి కుదుపు ఎక్కడిది? దీనికి జవాబు నల్లమల ఘాటులో ఉన్నది. నంద్యాల నుండి గిద్దలూరు పోయే దారిలో మలుపులన్నీ ఎప్పటివే. అనుభవజ్ఞుడైన డ్రైవరు మలుపుకు ముందు నుండే చక్రాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ పోతాడు, ఒడిలోని పసిబిడ్డ నిద్ర లేవదు. తెలియనివాడు తిన్నగా వచ్చి ఒక్కసారి తిప్పుతాడు, పై అరలోని సంచులు కిందపడతాయి. మలుపు ఒకటే, వేగం ఒకటే. మార్పు ఎంత అన్నది ఒంటికి పట్టదు, ఎంత త్వరగా మారింది అన్నది పడుతుంది. వెనకటి కాలంలో పట్టాలను వంచినవారు తిన్నని పట్టాకు వంకర పట్టాను సూటిగా అతికించేవారు. అతుకు దగ్గర కూర్చున్నవారికి దెబ్బ తగిలేది. న్యూయార్క్ దగ్గర కోనీ ఐలండ్‌లో 1895లో ఫ్లిప్ ఫ్లాప్ అనే బండిని అచ్చమైన వృత్తాకారంలో తలకిందులుగా తిప్పారు. వృత్తంలోకి ప్రవేశించే క్షణంలో మెడలు పట్టేసి జనం ఏడ్చేవారు, అది ఎక్కువ కాలం నిలవలేదు. కాలిఫోర్నియాలో 1976లో వచ్చిన రివల్యూషన్ అనే బండికి జర్మనీ ఇంజనీరు వెర్నర్ స్టెంగెల్ వృత్తాన్ని వదిలి కన్నీటి బొట్టు ఆకారం ఇచ్చాడు. వంపు క్రమంగా బిగిసి, క్రమంగా సడలుతుంది. ఘాటులో మంచి డ్రైవరు చేసే పనిని ఆయన ఉక్కుతో చేయించాడు. మరొక చిట్కా కూడా ఆయనదే. బండి పక్కకు ఒరిగేటప్పుడు పట్టా చుట్టూ తిరిగితే మనిషి తల గిరాటు వేసినట్టు విసురుకుపోతుంది. కూర్చున్నవాని గుండె చుట్టూ తిరిగేటట్టు పట్టానే అటూ ఇటూ జరిపితే తల ఉన్నచోటనే ఉంటుంది.

మధ్యాహ్నం అందరమూ కారు దగ్గరకు వచ్చి ఇంటి నుండి తెచ్చుకున్న బగారా అన్నం, కూర తిన్నాము. ప్రయాణికులం గనుక జుహర్ రెండు రకాతులుగా, సరస్సు వైపు గడ్డి మీద చేసుకున్నాము. ఖిబ్లా దిక్కు మనవడే ఫోనులో చూసి చెప్పాడు. ఆ దేశంలో ఖిబ్లా ఈశాన్యానికి ఉంటుంది, మనకు అలవాటైన పడమర కాదు. మా శ్రీమతి చిన్న మనవరాలితో కలిసి ఉదయమంతా గుర్రపు బొమ్మల రంగులరాట్నం మీదనే గడిపింది. అందులో కుదుపు ఎంత అని అడిగితే, మీ తెలివితేటలకన్నా తక్కువే అన్నది.

భోజనం దగ్గర కోడలు తన భయాన్ని విడమరిచి చెప్పింది. వేగమన్నా, ఎత్తన్నా ఆమెకు భయం లేదట. ఎముక విరిగిన చోట ఏదైనా బలంగా తగిలితే ఏమవుతుందన్నదే ఆమె ప్రశ్న. అంతవరకు ఇంటిల్లిపాదీ ఎత్తునూ వేగాన్నీ తలచుకుని వాదులాడుకుంటున్నాము. ఆమె అడిగింది మాత్రం సరిగ్గా అడగవలసిన ప్రశ్న. మేము ఆ పూట ఎక్కిన మూడు బండ్లలోనూ మనిషిని పట్టి ఉంచేది ఒడి మీది కడ్డీయే, భుజాలను ఏదీ తాకదు. భుజాల మీదుగా దిగే కవచం ఉన్న బండ్లు వేరే ఉన్నాయి. వాటిని చూడకుండా తీర్పు పూర్తి కాదు.

అందుకని ముందు కార్క్‌స్క్రూ ఎక్కాము. 1976 నాటిది. మూడుసార్లు తలకిందులు చేసే బండ్లలో ఇదే మొదటిది. జనం నడిచే దారి మీదుగానే మరమేకులాగా మెలితిరిగి పోతుంది. వేగం 48 మైళ్ళే. కాని పైన చెప్పిన పాతకాలపు అతుకులన్నీ ఇందులో ఉన్నాయి. భుజాల మీది కవచం చెవులకు రెండు పక్కలా గోడలా నిలబడుతుంది. మెలిక దగ్గర తల ఒకసారి ఈ గోడకు, ఒకసారి ఆ గోడకు తాకింది. తల వెనక్కి ఆనించి గట్టిగా ఉంచితే కొంత నయం. అంతకన్నా ముఖ్యంగా, ఎడమ మలుపులో కవచం అంచు సరిగ్గా కాలర్ బోన్ మీద ఆనడం మేము గమనించాము. వేలు పెట్టి చూసుకున్నాము కూడా. మనవడి పుస్తకంలో దీనికి ఏడు మార్కులున్నాయి. మేము ఎనిమిది వేస్తాము.

రాప్టర్ దానికి పూర్తిగా భిన్నం. 1994లో స్విట్జర్లాండ్‌కు చెందిన బొలిగర్, మాబిలార్డ్ అనేవారు కట్టారు. ఇందులో పట్టా తల మీద ఉంటుంది, కాళ్ళు గాలిలో వేలాడతాయి. 137 అడుగుల ఎత్తు, 57 మైళ్ళ వేగం, ఆరుసార్లు తలకిందులు. అందులో ఒక మెలికను నాగుపాము పడగ అంటారు, పేరుకు తగ్గట్టే ఉంటుంది. ఇన్ని చేసినా ఎక్కడా అతుకు తెలియలేదు. కుండలో పెరుగు కదలకుండా మోసుకుపోయే గొల్లవారి నడక వంటిది ఆ బండి నడక. అయితే ఒకటి చెప్పాలి. లోయ అడుగుకు వచ్చినప్పుడు ఒళ్ళు కిందికి నొక్కుకుపోతుంది, కవచం భుజాల మీద కూర్చుంటుంది. దెబ్బ లేదు, బరువు ఉంది. నున్నదనం వేరు, నొక్కుడు లేకపోవడం వేరు.

ఈ వనం వారు కూడా ఈ విషయంలో చాలాసార్లు దిద్దుబాట్లు చేసుకున్నారని మనవడు చెప్పాడు. 1996లో మాంటిస్ అనే బండి తెచ్చారు. అందులో మనుషులు నిలబడి ప్రయాణించాలి. నిలబడినవారి కాళ్ళ మీదా, నడుము మీదా, భుజాల మీదా పడే భారం సామాన్యం కాదు. 2015లో ఆ పట్టానే ఉంచి, నిలబడే బండ్లు తీసేసి, కూర్చునేవి పెట్టి రూగరూ అని పేరు మార్చారు. 2007లో మావెరిక్ అనే బండి తెరవబోయే ముందు పరీక్షించి చూస్తే, అందులోని ఒక మెలిక వద్ద బండి మీద మితిమీరిన బలం పడుతున్నట్టు తేలింది. ప్రారంభాన్ని మే 26కు వాయిదా వేసి, కట్టిన మెలికను ఊడదీసి, దాని చోట సాధారణమైన వంపు పెట్టారు. అంత డబ్బు పోసి కట్టినదాన్ని తెరవకముందే విప్పిన ఆ నిర్ణయం మాకు నచ్చింది. కాగితం మీద సరిపోయిన లెక్కను బండి నడిపి చూసి సరిదిద్దుకున్నారు.

సాయంకాలానికి మా తీర్పు సిద్ధమయింది. కోడలినీ మనవణ్ణీ ఎదుట కూర్చోబెట్టి చెప్పాము. ఒడి కడ్డీ ఉన్న బండ్లలో బ్లూ స్ట్రీక్ ఎక్కవచ్చు, నడిమి వరుసలో మాత్రమే. జెమినై ఎక్కవచ్చు. మాగ్నమ్ ఎక్కవచ్చు, తొడలు నొప్పిపెడితే మమ్మల్ని అనకూడదు. కార్క్‌స్క్రూ ఎక్కకూడదు. రాప్టర్ బండి మంచిదే అయినా ఈ వేసవికి వద్దు, ఎముక మీద ఇంకొక ఏడాది కండ పట్టాక చూద్దాం. వైద్యుడు అనుమతించాడు గదా అని వాడు వాదించాడు. వైద్యుడు ఎముక సంగతి చెప్పారు, ఆయన రాప్టర్ ఎక్కలేదు అన్నాము. వాడు నవ్వేశాడు. అప్పుడు పుస్తకం తెరిచి, అసలు పేరు మీద వేలు పెట్టాడు. మిలీనియమ్ ఫోర్స్. కుదుపు గడిలో ఒకటి అని రాసి ఉన్నది.

2000 సంవత్సరం మే నెలలో తెరిచిన ఆ బండియే మేము మొదట చెప్పిన 310 అడుగులది. గంటకు 93 మైళ్ళు, అనగా 150 కిలోమీటర్లు. పట్టా పొడవు రెండు కిలోమీటర్ల పైచిలుకు. దిగుడు ఎనభై డిగ్రీల వాలు, పై నుండి చూస్తే పట్టా కనిపించదు. కోడలు దాన్ని కింద నుండి పైకి చూసింది. మొత్తం చూడటానికి తల పూర్తిగా వెనక్కి వంచవలసి వచ్చింది. "ఇంత పెద్దదా మెత్తనిది?" అన్నది. భుజాల మీద ఏమీ ఉండదు, నడుముకు పట్టీ, ఒడికి కడ్డీ అంతే అని చెప్పాము. అయినా మేము ఎక్కి చూడనిదాన్ని ఎక్కించడం మా నియమానికి విరుద్ధం. ఇద్దరినీ కలిపి ఎక్కమని ఆమే అన్నది.

గంటకు పైగా వరుసలో నిలబడ్డాము. రెండు నెలల్లో మాట్లాడుకోనంత ఆ గంటలో మాట్లాడుకున్నాము. చక్రాలకు ఉక్కు మీద మెత్తని ప్లాస్టిక్ వంటి పదార్థంతో తొడుగు వేస్తారని, అవి ఎండకు వేడెక్కితే సాయంత్రం బండి ఇంకా వేగంగా పోతుందని వాడు చెప్పాడు. మూడు జతల చక్రాలు పట్టాను పైన, పక్కన, కింద మూడు వైపులా పట్టుకుంటాయని, అందుకే ఊడిపడదని చెప్పాడు. దాన్ని 1919 ప్రాంతంలో జాన్ మిల్లర్ అనే ఆయన కనిపెట్టాడట. మదర్సాలో పిల్లలను ఏం చదివిస్తారని అడిగాడు. తజ్వీద్ అంటే ఏమిటని అడిగాడు. ఒక అక్షరం నుండి మరో అక్షరానికి గొంతు కుదుపు లేకుండా ఎలా పోవాలో నేర్పే శాస్త్రం అని చెప్పాము. వాడు కాసేపు ఊరుకుని, "ట్రాన్సిషన్" అన్నాడు. అదే అన్నాము.

ఇక్కడ గొలుసు లేదు, టకటక లేదు. ఉక్కు తాడు బండిని జారుతున్నట్టుగా పైకి లాగేసింది. వెనక్కి వాలి ఆకాశాన్నే చూస్తూ పోయాము. శిఖరం మీద ఒక్క రెప్పపాటు సరస్సు, దూరాన దీవులు, కింద సాండస్కీ ఊరి కప్పులు. తరువాత భూమి లేదు. కలిమా నోట ఉండగానే అడుగుకు చేరాము. వేగం ముఖం మీద గుడ్డలా చుట్టుకున్నది, కళ్ళలో నీళ్ళు. అయినా ఒంట్లో ఒక్క ఎముక కదలలేదు. మలుపులలో బండి పక్కకు పూర్తిగా ఒరిగిపోతుంది, అయినా తల నిటారుగానే ఉన్నట్టు తోస్తుంది. రెండు నిమిషాలు దాటగానే ఆగింది. పక్కన చూస్తే మనవడి కుడి చేయి కడ్డీ మీద, ఎడమ చేయి మా చేయి మీద ఉన్నది. భుజం ఎలా ఉందని అడిగాము. ఏ భుజం అన్నాడు.

నిజాయితీగా చెప్పవలసింది మరొకటి ఉన్నది. కుదుపు ఏమాత్రం లేని ఆ బండి దిగాక మాకు ఉదయపు బ్లూ స్ట్రీక్ మీద కొంత గౌరవం పెరిగింది. నున్నని వేగంలో భయమున్నది గాని, పట్టాతో మనకు పరిచయం కలగదు. కొయ్య బండి ప్రతి పలకనూ మనకు చెప్పుకుంటూ పోతుంది. మనవడు ఇందుకు ఒప్పుకోడు. అది పాతకాలపువారి అభిరుచి అంటాడు.

వెనుదిరిగే ముందు వనం చివరన ఒక మహా కొయ్య కట్టడం చూపించాడు. 1991లో అక్కడ మీన్ స్ట్రీక్ అనే కొయ్య బండి కట్టారు, 161 అడుగుల ఎత్తు. ఏటేటా కుదుపు ముదిరి, దాన్ని ఎక్కినవారు మళ్ళీ ఎక్కడానికి జంకేవారట. 2016 సెప్టెంబరులో మూసేశారు. కూల్చలేదు. కొయ్య కాళ్ళలో చాలా భాగం ఉంచి, పై పట్టాను తీసేసి, దాని చోట ఉక్కు పట్టా పరిచి, ఎత్తును 205 అడుగులకు పెంచి, 2018లో స్టీల్ వెంజెన్స్ పేరుతో తిరిగి తెరిచారు. ఒడి కడ్డీయే, భుజాలకు ఏమీ లేదు. పట్టా నున్నన. కాని ఒంటిని గాల్లోకి లేపడంలో దాన్ని మించింది ఆ వనంలో లేదని అందరూ అంటారు. వరుస రెండు గంటలు దాటి ఉన్నది. మేము ఎక్కలేదు గనుక దాని మీద తీర్పు చెప్పలేదు. మనవడు బతిమాలలేదు, నియమం వాడికి అర్థమయింది.

తిరుగు దారిలో టొలీడో నగరం దాపున, పెర్రీస్‌బర్గ్‌లో, పెద్ద రహదారి పక్కన పొలాల నడుమ ఒక గుమ్మటం, రెండు మీనార్లు కనిపిస్తాయి. గ్రేటర్ టొలీడో ఇస్లామిక్ కేంద్రం వారి మస్జిద్ అది, 1980ల నాటిది, తురుష్క పద్ధతిలో కట్టింది. ఆ దేశపు వేసవిలో సూర్యాస్తమయం తొమ్మిది దాటాక గాని కాదు. మగ్రిబ్ వేళకు అక్కడికి చేరాము. సజ్దాలోకి వంగినప్పుడు మాగ్నమ్ గుట్టలు తొడలలో ఒక్కొక్కటే లెక్కకు వచ్చాయి.

ఇంటికి చేరాక కోడలు, తీర్పు కాగితం మీద రాసివ్వమని అడిగింది. తెలుగులో రాసి ఇచ్చాము. మనవడికి తెలుగు చదవడం రాదు. ఎక్కవచ్చునో కూడదో తన సంగతే తాను చదవలేకపోవడం వాడికి నచ్చలేదు. మేము బయలుదేరడానికి ఇంకా పందొమ్మిది రోజులున్నాయి. మరునాటి నుండి వాడు రోజూ ఇషా తరువాత నోటు పుస్తకం తెచ్చుకుని మా పక్కన కూర్చున్నాడు. బ్లూ స్ట్రీక్‌లోని వత్తులు వాణ్ణి బాగా ఏడిపించాయి. రాప్టర్ త్వరగానే వచ్చింది.